చదివినవారి సాక్ష్యం

1771లో లైప్‌జిగ్‌లో అచ్చయిన ‘ఫ్రాయిలైన్ ఫాన్ స్టెర్న్‌హైమ్ కథ’ అనే జర్మన్ నవల ముఖపత్రం మీద రచయిత పేరు లేదు. ఆ అమ్మాయి స్నేహితురాలు ఎవరో అసలు కాగితాలు చూసి కూర్చిందని మాత్రం ఉంది. దాని కింద సంపాదకుడిగా క్రిస్టోఫ్ మార్టిన్ వీలాండ్ పేరు ఉంది. నవల రాసింది సోఫీ ఫాన్ లా రోష్. వీలాండ్ ఆమెకు బంధువు, యవ్వనంలో ఆమెను పెళ్లి చేసుకోవాలనుకున్నవాడు, అప్పటికే పేరు మోసిన కవి. ఈ పుస్తకాన్ని రచయిత్రికి తెలియకుండానే అచ్చు వేయిస్తున్నట్టు ఆయన ముందుమాటలో రాశాడు. అందులోని లోపాలకు తనే సర్దిచెప్పాడు. కథానాయిక ఆలోచనలు తనకు రుచించని కొన్ని చోట్ల పేజీ అడుగున తన అభ్యంతరాన్ని నమోదు చేశాడు. ఐదేళ్లు గడిచేసరికి లండన్‌లో జోసెఫ్ కాలియర్ ఇంగ్లిష్ అనువాదం వెలువడింది. దాని ముఖపత్రం ప్రకారం అది వీలాండ్ గారి జర్మన్ రచనకు అనువాదం. సంపాదకుడు సముద్రం దాటేలోగా రచయిత అయిపోయాడు. లండన్ పాఠకులు ఒక స్త్రీ రాసిన నవలను మగవాడిదనుకుని చదివారు.

ఐరోపా స్త్రీల రచనల మీద గత నలభై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలో నేను అన్నిటికంటే విలువైనదనుకునే పద్ధతి ఇలాంటి ముఖపత్రాలను పట్టుకుని నడిచేదే. ఎవరు రాశారు, ఏం రాశారు అన్నంతటితో అది ఆగదు. ఆ పుస్తకాన్ని ఎవరు కొన్నారు, ఎవరు అనువదించారు, ఏ పత్రిక సమీక్షించింది, ఎవరు తిట్టిపోశారు, ఎవరు పేరు మార్చి అచ్చు వేశారు అని కూడా ఆరా తీస్తుంది. ఈ ఆరా ఎందుకు అవసరమో చెప్పాలంటే, సాహిత్య చరిత్రలు మనకు అలవాటు చేసిన కథ ఒకటి గుర్తు చేసుకోవాలి. పూర్వం ఐరోపాలో స్త్రీలు రాసిందే తక్కువ, రాసినవారిలో గట్టివాళ్లు నిలిచారు, మిగిలినవారిని కాలం వడబోసింది అన్నది ఆ కథ. చదివినవారి వైపు నుంచి చూస్తే ఇందులో ఏ ఒక్క భాగమూ నిలబడదు. వాళ్లు విరివిగా రాశారు. దేశాలు, భాషలు దాటి జనం వాళ్లని చదివారు. మరపు ఆ తర్వాత వచ్చింది. ఆ మరపు వెనక మనుషులున్నారు, వాళ్ల నిర్ణయాలున్నాయి, చాలా సందర్భాల్లో తేదీలు కూడా దొరుకుతాయి.

దేశాల వారీగా రాసుకున్న చరిత్రల్లో ఈ సంగతి ఎందుకు కనబడదో ఇజాబెల్ ద షారియేర్ జీవితం చూస్తే తెలుస్తుంది. ఆమె 1740లో హాలండ్‌లో యూట్రెక్ట్ దగ్గరి జౌలెన్ కోటలో పుట్టింది. 1771లో పెళ్లయ్యాక న్యూషాటెల్ పక్కన కొలొంబియే అనే ఊళ్లో స్థిరపడి, 1805లో చనిపోయేదాకా అక్కడే ఉంది. న్యూషాటెల్ ఇవాళ స్విట్జర్లాండ్‌లో ఉంది గానీ అప్పట్లో ప్రష్యా రాజు ఏలుబడిలో ఉండేది. ఆమె రాసింది ఫ్రెంచ్‌లో. 1763లో వచ్చిన మొదటి కథలో ఒక జమీందారు కూతురు తన వంశపు పెద్దల పటాలను కిటికీలోంచి కందకంలోకి పడేసి, వాటి మీద అడుగుపెట్టి ప్రియుడితో వెళ్లిపోతుంది. పేరు లేకుండా అచ్చయినా ఎవరు రాశారో లోకానికి తెలిసిపోయింది. తల్లిదండ్రులు ఆ పుస్తకాన్ని చెలామణిలో లేకుండా చేశారు. మరి ఈమె ఎవరి రచయిత్రి? డచ్ చరిత్రకారుడికి ఆమె భాష పరాయిది. ఫ్రెంచ్ చరిత్రకారుడికి ఆమె ఊరు పరాయిది. అలా ఎవరికీ కాకుండా, చాలాకాలం రచయిత బెంజమిన్ కాన్‌స్టాన్ స్నేహితురాలిగా, మరో రచయిత జేమ్స్ బాస్వెల్ పెళ్లాడాలనుకున్న అమ్మాయిగా మాత్రమే మిగిలింది. ఆమె సమగ్ర రచనలు పది సంపుటాలుగా రావడానికి 1979 నుంచి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. అవి వచ్చింది కూడా పారిస్ నుంచి కాదు, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి.

ఆమెకు ఆమె కాలంలోనే జర్మన్ పాఠకులున్నారు. ఫ్రెంచ్ విప్లవపు రోజుల్లో జర్మనీ నుంచి వలస వచ్చి న్యూషాటెల్ దగ్గర బోల్ అనే పల్లెలో తలదాచుకున్న లూట్విగ్ ఫెర్డినాండ్ హూబర్ ఆమె రచనలను వరుసగా జర్మన్‌లోకి తెచ్చాడు. ‘ముగ్గురు స్త్రీలు’ అన్న నవల ఫ్రెంచ్ మూలం కంటే ముందు జర్మన్‌లోనే అచ్చయింది. ఇక అదే ఇంట్లో హూబర్ భార్య తెరేజే కూడా రాస్తూ ఉండేది. ఫ్రెంచ్ విప్లవం నేపథ్యంగా ఆమె రాసిన ‘సెల్డోర్ఫ్ కుటుంబం’ 1795–96లో భర్త పేరుతో వచ్చింది. అలా ఒకే కప్పు కింద నుంచి ఒక స్త్రీ రచన అనువాదంగానూ మరో స్త్రీ రచన సొంత నవలగానూ ఒకే మగవాడి పేరు మోసుకుని బయటికి వెళ్లాయి. ఇది ఒక్క ఇంటి విశేషం కాదు. జెర్మేన్ ద స్తాల్ నవల ‘కొరీన్’ 1807లో వెలువడగానే డోరొతేయా ష్లేగెల్ దాన్ని జర్మన్‌లోకి అనువదించింది. పుస్తకం మీద కనిపించేది భర్త ఫ్రీడ్రిష్ ష్లేగెల్ పేరు. అంతకుముందు 1801లో ఆమె సొంత నవల ‘ఫ్లోరెంటీన్’ కూడా ఆయన సంపాదకత్వంలో అన్నట్టుగానే వచ్చింది. పేర్లను బట్టి రచయితలను లెక్కపెట్టే సాహిత్య చరిత్రకు ఈ స్త్రీలు చిక్కరు. ఉత్తరాలు, ప్రచురణకర్తలతో ఒప్పందాలు, అనువాదాల వరుస దగ్గర పెట్టుకుంటేనే దొరుకుతారు.

అందుకే ఈ రంగంలో పనిచేసేవారు విడి విడి జీవిత చరిత్రలతో సరిపెట్టుకోకుండా ఉమ్మడి చిట్టా ఒకటి తయారు చేయడానికి పూనుకున్నారు. నెదర్లాండ్స్‌లో సుజాన్ ఫాన్ డైక్ చొరవతో మొదలైన ‘విమెన్ రైటర్స్’ డేటాబేస్ అలాంటిది. దానిలో రచయిత్రికి ఒక నమోదు, రచనకు ఒక నమోదు, ఆ రచనకు దొరికిన ప్రతి స్పందనకూ విడిగా మరో నమోదు ఉంటాయి. ఒక అనువాదం, ఒక సమీక్ష, ఒక నాటకీకరణ, ఎవరో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఒక ప్రస్తావన, ఒక అద్దె గ్రంథాలయపు జాబితాలో ఒక వరుస, ఇవన్నీ స్పందనల కిందికే వస్తాయి. ఎక్కడ, ఎప్పుడు, ఏ భాషలో అన్నవి ప్రతిదానికీ రాసుకుంటారు. 2009 నుంచి 2013 వరకు ‘చరిత్రలో రచయిత్రులు’ అన్న ఐరోపా పరిశోధకుల సహకార కార్యక్రమం ఈ పనిని అనేక దేశాలకు విస్తరించింది. ఆ వెంటనే 2016 దాకా ఫిన్లాండ్, నార్వే, నెదర్లాండ్స్, స్లొవేనియా, స్పెయిన్ పరిశోధకులు కలిసి 1790–1914 మధ్య స్త్రీల రచనలు ఐరోపా అంచులకు ఎలా చేరాయో వెతికారు. ఆ అంచులను ఎంచుకోవడం నాకు ఎంతో నచ్చిన నిర్ణయం. పారిస్, లండన్‌లలో కూర్చుని చూస్తే స్త్రీలు పెద్ద రచయితల చుట్టూ తిరిగే చిన్న పేర్లలా కనిపిస్తారు. హెల్సింకి నుంచో లుబ్లియానా నుంచో చూస్తే, అక్కడి పాఠకులు తెప్పించుకున్న విదేశీ పుస్తకాల మూటలో జార్జ్ సాండ్, ఫ్రెడ్రికా బ్రెమర్ లాంటివారు మొదటి వరుసలోనే ఉంటారు. జార్జ్ సాండ్ చనిపోయినప్పుడు, 1876లో, దస్తయెవ్‌స్కీ తన ‘రచయిత డైరీ’లో ఆమెకు దీర్ఘమైన నివాళి రాశాడు. రష్యాలో ఆ తరానికి ఆమె ఎంత ముఖ్యమో చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్షి అక్కర్లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. జనం బాగా చదివారన్నది గొప్పతనానికి రుజువా? ఆ కాలంలో జనం విరగబడి చదివిన మగ రచయితలు కూడా వందల మంది ఇవాళ ఎవరికీ తెలియదు. పుస్తకాలన్నాక చాలావరకు మరుగున పడతాయి, ఆడవాళ్లవీ పడ్డాయి, ఇందులో అన్యాయం ఏముంది అని అడిగేవారున్నారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. అమ్మకాలు నాణ్యతకు కొలబద్ద కావు. అయితే కాలం వడబోసిందని చెప్పేవారు ఆ వడబోత ఎలా జరిగిందో చూపించాలి కదా. చూడబోతే అక్కడ మనుషులే కనిపిస్తారు. క్రిస్తీన్ ద పిజాన్ 1405లో ‘స్త్రీల నగరం’ రాసింది. తన రాతప్రతులను దగ్గరుండి తయారు చేయించి రాజకుటుంబాలకు అందజేసింది. ఆమె రచయిత్రి అన్నదానిలో ఆమె కాలపు ఫ్రాన్స్‌కు అనుమానం లేదు. పదిహేనో శతాబ్దం మధ్యలో ఆమె పుస్తకం ఒకటి ఇంగ్లిష్‌లోకి తెచ్చిన స్టీఫెన్ స్క్రోప్ మాత్రం, దాన్ని నిజానికి పారిస్ పండితులు రాశారనీ, ఆమె రాయించిందనీ ముందుమాటలో చెప్పాడు. ఆ తర్వాత 1489లో ఆమె మరో పుస్తకం అచ్చు వేసిన విలియమ్ కాక్స్‌టన్ నిజాయితీగా ఆమె పేరు చెప్పాడు. నాలుగు వందల ఏళ్లు గడిచాక, 1890లలో, ఫ్రాన్స్‌లో కొన్ని తరాల విద్యార్థులు పాఠ్యగ్రంథంగా చదివిన ఫ్రెంచ్ సాహిత్య చరిత్రలో గుస్తావ్ లాన్సన్ ఆమెను పాండిత్యం వెలగబెట్టే ఆడవాళ్ల వరుసకు మొదటి మనిషిగా ఎద్దేవా చేశాడు. స్క్రోప్ మాటనూ లాన్సన్ మాటనూ కాలం అనే పేరుతో పిలవడానికి నేను సిద్ధంగా లేను.

పందొమ్మిదో శతాబ్దంలో దేశదేశానా సాహిత్య చరిత్రలు రాయడం, వాటిని పాఠశాలల్లో పాఠాలుగా పెట్టడం ఒక ఉద్యమంలా సాగింది. ఎవరిని జాతి కవులుగా చూపించాలి అన్నది అప్పుడే తేలింది. మనకూ ఇది కొత్త కాదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు ఆస్థానంలో మన్నన పొందిన కావ్యం. ఆ కావ్యాన్ని అశ్లీలమని నిందించింది కాలం కాదు, వీరేశలింగం పంతులు గారి కవుల చరిత్ర. అంతకుముందు వచ్చిన అచ్చుప్రతిలో ఆమె తన గురించి, తన వారి గురించి చెప్పుకున్న అవతారిక తీసేశారు. రాతప్రతి సంపాదించి పూర్తి పాఠాన్ని 1910లో ప్రచురించిన బెంగుళూరు నాగరత్నమ్మ పుస్తకాన్ని 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం ఉంది. హైదరాబాదులో పనిచేస్తూ సూసీ తారు, కె. లలిత 1991, 1993లలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలు తెచ్చినప్పుడు, వారి ఆలోచనకు ఈ ఉదంతం మూలస్తంభంలా నిలిచింది. పాశ్చాత్య స్త్రీవాద విమర్శకులు స్త్రీల అనుభవం అంతటా ఒకటే అన్నట్టు మాట్లాడడాన్ని వారు ఆ సంపుటాల పీఠికలో నిలదీశారు. ఒక రచన ఏ కాలంలో, ఏ అధికారం నీడలో చెలామణి అయిందో చూడకుండా స్త్రీ గొంతు అని మురిసిపోతే లాభం లేదన్నారు. ఐరోపా పరిశోధన నుంచి నేను ఆశించేదీ అదే.

స్త్రీలను విడిగా ఎందుకు చదవాలి, అది వాళ్లను మళ్లీ ఓ మూల కూర్చోబెట్టినట్టు కాదా అన్నది రెండో అభ్యంతరం. స్త్రీల రచనకు దానికదే ఒక ప్రత్యేక సారం ఉందని నేను నమ్మను. ఫ్రెంచ్ రచయిత్రి గ్రాఫిన్యీ, జర్మన్‌లో రాసిన తెరేజే హూబర్, పోలిష్ రచయిత్రి ఓజెష్కోవా ఒక్కలా రాయలేదు. విడిగా చదవాల్సి రావడానికి కారణం వాళ్ల శైలి కాదు, వాళ్ల పుస్తకాలకు జరిగిన మర్యాద. పేరు దాచుకోవాల్సి రావడం, భర్త సంతకం వాడుకోవాల్సి రావడం, అనువాదంలో రచయిత మారిపోవడం ఒక గుంపుకే పదే పదే జరిగితే ఆ గుంపును కలిపి చూడక తప్పదు. ఇయన్ వాట్ 1957లో ఇంగ్లిష్ నవల పుట్టుక మీద రాసిన పేరున్న పుస్తకంలో పద్దెనిమిదో శతాబ్దపు నవలల్లో అధికభాగం స్త్రీలే రాశారని ఒప్పుకుంటాడు. అయినా ఆయన కథ నడిచేది డెఫో, రిచర్డ్‌సన్, ఫీల్డింగ్ అనే ముగ్గురి మీదే. తనకు తెలిసిన వాస్తవం తన సిద్ధాంతాన్ని కదిలించకపోయిన ఆ ఒక్క చోటే విడి పరిశోధన అవసరాన్ని చెప్పేస్తుంది. స్త్రీవాద విమర్శకూ ఇటువంటి గుడ్డి మచ్చలున్నాయి. వర్జీనియా వూల్ఫ్ 1929లో, ఎలైన్ షోవాల్టర్ 1977లో గీసిన పటం అచ్చు పుస్తకాన్నీ, రాసి సంపాదించుకునే వృత్తి రచయిత్రినీ ప్రమాణంగా పెట్టుకుంది. రాతప్రతులుగా చేతులు మారుతూ, స్నేహితుల మధ్య చదువుకుంటూ సాగిన సాహిత్యాన్ని ఆ పటం దాదాపు పట్టించుకోలేదని 1993లో మార్గరెట్ ఎజెల్ చూపించింది. అచ్చు కాకపోవడాన్ని మౌనం అనుకోవడం తప్పు అన్న ఆమె వాదన ఈ రంగం దిశ మార్చింది. తర్వాత ఐర్లండ్‌లోని గాల్వేలో మేరీ లూయీజ్ కూలహాన్ నాయకత్వంలో 1550–1700 నాటి స్త్రీల రచనల చెలామణి మీద జరిగిన పెద్ద పరిశోధన రాతప్రతులనూ, ఉత్తరాలనూ అచ్చు పుస్తకాలతో సమానంగా లెక్కలోకి తీసుకుంది.

మూడో అభ్యంతరం లెక్కల మీదే. జాబితాలో పేరున్నంత మాత్రాన చదివినట్టా? డచ్ దేశంలో యజమాని పోయాక పుస్తకాలు వేలం వేసేటప్పుడు అచ్చు వేసిన జాబితాలు బోలెడు మిగిలాయి. వాటిలో ఒక నవల కనబడితే అది ఆ ఇంట్లో ఉందని తెలుస్తుంది గానీ, దాని పేజీలు ఎవరైనా తిప్పారని తెలియదు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నలిగి చిరిగిపోయిన చౌక పుస్తకం అసలు జాబితాకే ఎక్కి ఉండదు. పైగా ఏ దేశంలో పాత పత్రికలు డిజిటల్ రూపంలోకి వచ్చాయో ఆ దేశంలోనే స్పందనలు ఎక్కువ దొరుకుతాయి. ఎలిజా ఓజెష్కోవా 1873లో రాసిన పోలిష్ నవల ‘మార్తా’, పని దొరక్క నలిగిపోయిన ఒక వితంతువు కథ. దాన్ని 1910లో జామెన్‌హాఫ్ తాను రూపొందించిన ఎస్పరాంటోలోకి అనువదించాడు. ఆ ఎస్పరాంటో ప్రతి నుంచి అది జపనీస్, చైనీస్ భాషల దాకా వెళ్లింది. ఈ దారి పట్టుకోవాలంటే పోలిష్, ఎస్పరాంటో, తూర్పు ఆసియా భాషలు తెలిసినవారు కలిసి కూర్చోవాలి. ఎవరో ఒకరు ఇంగ్లిష్, ఫ్రెంచ్ జాబితాలు తిరగేస్తే సరిపోదు. ఈ లోపాలన్నీ నిజమే. వాటికి విరుగుడు లెక్క మానేయడం కాదు, లెక్క చూపిన చోటికి వెళ్లి పుస్తకం తెరవడం.

ఫ్రాంస్వాజ్ ద గ్రాఫిన్యీ విషయంలో ఆ రెండూ కలిశాయి. 1747లో వచ్చిన ఆమె ‘పెరూ యువతి లేఖలు’ ఆ శతాబ్దంలో ఐరోపా అంతటా అత్యధికంగా చదివిన నవలల్లో ఒకటి. స్పానిష్ సైనికులు ఎత్తుకుపోయిన జిలియా అనే ఇంకాల రాకుమారి, ఫ్రెంచి వాళ్ల చేతికి చిక్కి పారిస్ చేరి, తన ప్రియుడు అజాకు రాసే ఉత్తరాలివి. మొదట్లో రంగు తాళ్లకు ముడులు వేసి రాస్తుంది, తర్వాత ఫ్రెంచ్ నేర్చుకుని రాస్తుంది. ఇటలీలో గోల్డోనీ దాన్ని నాటకం చేశాడు. 1759లో పారిస్‌లోనే దెయొదాతి ఇటాలియన్ అనువాదం వచ్చింది. దానిలో ప్రతి మాట మీదా ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో గుర్తు పెట్టారు, పరదేశీయులు ఇటాలియన్ ఉచ్చారణ నేర్చుకోవడానికి. భాష నేర్పే పాఠంగా వాడుకున్నారంటే ఆ కథ చదువుకున్నవాళ్లకు ఎంత పరిచయమో ఊహించవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో ఇది మెల్లగా అచ్చులోంచి, చరిత్రల్లోంచి జారిపోయింది. 1993లో అమెరికాలో ఆధునిక భాషల సంఘం తరగతుల కోసం చౌక ప్రతి వేశాక మళ్లీ పాఠ్యాంశమైంది.

ఆ నవల మీద ఆనాటి పాఠకుల ప్రధాన ఫిర్యాదు దాని ముగింపు. అజా వేరే స్త్రీని ప్రేమించి జిలియాను వదిలేస్తాడు. ఆమెను ఆదుకున్న దెతెర్విల్ అనే ఫ్రెంచి యువకుడు పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె స్నేహం చాలంటుంది. ఇంకాల ఆలయపు సంపదలో తన వాటాతో కొన్న ఇంట్లో, తన పుస్తకాలతో ఒంటరిగా ఉండిపోతుంది. పాఠకులకు ఇది మింగుడు పడలేదు. ఆమెకు పెళ్లి చేయడానికో, అజాను మంచివాడిగా నిలబెట్టడానికో వేరేవాళ్లు కొనసాగింపులు రాశారు. తర్వాత ఫ్రాన్స్ ఆర్థికమంత్రి కాబోయే త్యుర్గో, అప్పటికింకా కుర్రవాడు, 1751లో గ్రాఫిన్యీకి సుదీర్ఘమైన ఉత్తరం రాసి జిలియాకు అజాతో పెళ్లి చేయమని సలహా ఇచ్చాడు. ఆమె ఆ మరుసటి సంవత్సరం నవలను పెంచి కొత్త ప్రతి వేసింది. పెళ్లి జోలికి పోలేదు. కొత్తగా చేర్చిన వాటిలో ముప్పై నాలుగో లేఖ ఉంది. ఫ్రాన్స్‌లో ఆడపిల్లలకు చదువు పేరుతో ఏం నేర్పుతారో, పెళ్లయ్యాక భర్తకు లేని నియమాలు భార్యకు ఎలా ఉంటాయో జిలియా అందులో వివరంగా చెబుతుంది. నవల ఒక్కటే చదివితే ఈ లేఖ కథకు అడ్డం వచ్చిన ఉపన్యాసంలా తోస్తుంది. త్యుర్గో ఉత్తరం, ఇతరుల కొనసాగింపులు, 1752 ప్రతి పక్కపక్కన పెట్టుకుంటే, అది తనకు సలహా ఇచ్చినవారితో రచయిత్రి చేసిన వాదన అని అర్థమవుతుంది. ఆ నవల బలం ఎక్కడుందో నాకు తెలిసింది వాటిని అలా కలిపి చదివాకే.